ఫీజు కట్టకముందే ఆసుపత్రిని అడగండి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన మిరప, పత్తి పల్లెల్లో ఒక మాట వినపడుతుంది. "అమ్మాయిని నర్సింగ్‌లో వేద్దాం" అంటారు. మంచి ఆలోచనే. మన ప్రాంతంలో ఆ పనికి గిరాకీ ఉంది. గుంటూరు పెద్దాసుపత్రికి పల్నాడు నుంచీ, బాపట్ల నుంచీ, ప్రకాశం నుంచీ కూడా రోగులు వస్తారు. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాళ్లు కూడా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకుంటున్నారు. ఆపరేషన్ చేసేది డాక్టరే. కానీ ఆ రోగిని మంచం మీద నుంచి లేపాలి, కూర్చోబెట్టాలి, ఒళ్లు తుడవాలి, అన్నం తినిపించాలి. ఇళ్లల్లోనూ ఆ అవసరం పెరిగింది. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ముసలి తల్లిదండ్రులు ఇక్కడ మిగిలిపోతారు. కనిగిరి వైపు వెళితే, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు కనపడతారు. వీళ్లందరికీ పని తెలిసిన మనిషి కావాలి. కాబట్టి నర్సింగ్‌లో వేద్దామన్న మాటలో తప్పు లేదు. తొందర ఎక్కడొస్తుందంటే, ఆ మాట అనుకున్న వారంలోనే ఫీజు కట్టేయడం దగ్గర వస్తుంది. ఈ రోజు మీతో ఒక్క విషయమే మాట్లాడతాను. కోర్సును ముందు చూడకండి. ఉద్యోగాన్ని ముందు చూడండి. ఆ ఉద్యోగం ఏం అడుగుతుందో తెలుసుకుని, అప్పుడు కోర్సు దగ్గరికి రండి.

ఎందుకంటారా? బస్టాండు పక్కన బోర్డు మీద నర్సింగ్ అని ఉంటుంది. ఆ ఒక్క పేరు కింద ఆరు నెలల శిక్షణా ఉంటుంది, రెండేళ్లదీ ఉంటుంది, మూడేళ్లదీ, నాలుగేళ్లదీ ఉంటుంది. యూనిఫాం చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. వాటితో వచ్చే ఉద్యోగాలు మాత్రం వేరు. పత్తి వేసే రైతుకు ఈ జాగ్రత్త కొత్తగా నేర్పక్కర్లేదు. విత్తనాల ప్యాకెట్ చేతికి రాగానే వెనక్కి తిప్పి చూస్తాడు. లాట్ నంబరు ఉందా, గడువు తేదీ ఉందా, మొలక శాతం రాశారా అని చూస్తాడు. బిల్లు అడిగి తీసుకుంటాడు. ముందువైపు అచ్చేసిన పత్తి కాయ ఎంత పెద్దదో అతనికి అనవసరం. పూత రాలిపోయాక విత్తనం నకిలీదని తెలిస్తే ఆ ఏడు చేజారినట్టే. శిక్షణ సంస్థను కూడా అలాగే తిప్పి చూడాలి. అప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఏ ఉద్యోగానికి తీసుకుంటారు? చేతి పని ఏ ఆసుపత్రి వార్డులో నేర్పుతారు? ఇంకోసారి చెబుతాను. ఎవరిస్తారు, దేనికి పనికొస్తుంది, ఎక్కడ నేర్పుతారు. ఈ మూడింటికీ నోటి మాటగా కాకుండా కాగితం మీద జవాబు రావాలి.

ముందు అన్నిటికన్నా చిన్న కోర్సు సంగతి చూద్దాం. ఆసుపత్రుల్లో నర్సుకు సాయంగా ఉండే పనిని ఇప్పుడు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటున్నారు. పొట్టిగా జీడీఏ. పక్క మార్చడం, స్నానం చేయించడం, తినిపించడం, వీల్‌చైర్‌లోకి ఎక్కించడం, దుప్పట్లు మార్చడం, వార్డు చెత్తను సరైన డబ్బాలో వేయడం ఈ పనిలో ఉంటాయి. కొన్ని నెలల శిక్షణ చాలు. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య విధానంలో దీనికి ఒక స్థాయి ఉంది. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అనే సంస్థ పాఠ్యాంశాలు తయారు చేసింది. చివర్లో పరీక్ష పెట్టేది పాఠం చెప్పినవాళ్లు కాదు, బయటి నుంచి వచ్చినవాళ్లు. ఆ పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్ దేశంలో ఎక్కడైనా చూపించుకోవచ్చు. ఇంటి దగ్గర ఉండి పెద్దవాళ్లను చూసుకునే పనికి హోమ్ హెల్త్ ఎయిడ్ అని ఇలాంటిదే ఇంకో కోర్సు ఉంది. ఇవి నిజాయితీ గల కోర్సులు. కానీ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. జీడీఏ చదివినవాళ్లు నర్సులు కారు. ఇంజక్షన్ వేయడం, సెలైన్ పెట్టడం వాళ్ల పని కాదు. "ఆరు నెలల్లో మీ అమ్మాయిని స్టాఫ్ నర్సును చేస్తాం" అని ఎవరైనా అన్నారంటే, ఆ గుమ్మం దగ్గరే ఆగిపోండి. ఆరు నెలల చదువుతో నర్సుగా రిజిస్టర్ చేసే కౌన్సిల్ ఈ దేశంలో ఏదీ లేదు. 1947 నాటి చట్టంతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వచ్చింది. రాష్ట్రంలో నర్సులు, మిడ్‌వైఫ్‌ల కౌన్సిల్ ఉంది. వాళ్ల పుస్తకంలో పేరెక్కాలంటే ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, లేకపోతే బీఎస్సీ నర్సింగ్ లాంటి గుర్తింపు పొందిన చదువే చదవాలి.

ఇప్పుడు మన పల్లెల్లో ఎక్కువ మంది అడిగే ఏఎన్‌ఎం ఉద్యోగం తీసుకుందాం. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్‌ఎంలను పెద్ద సంఖ్యలో తీసుకున్నారు. అప్పటి నుంచి ఈ చదువు మీద ఆశ పెరిగింది. మన రాష్ట్రంలో పదో తరగతి తరువాత ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అనే రెండేళ్ల కోర్సు ఉంది. చాలా మంది ఆడపిల్లలు అందులో చేరతారు. రెండేళ్లు చదువుతారు. ఇంటర్ బోర్డు మెమో చేతికొస్తుంది. ఇంక అయిపోయిందనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతోంది. ఏఎన్‌ఎం ఉద్యోగాల నోటిఫికేషన్ తీసి చదవండి. ఒకేషనల్ చదివినవాళ్లు ప్రభుత్వం చెప్పిన ఆసుపత్రిలో ఇంకో ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేయాలని ఉంటుంది. ఆ పైన కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలని ఉంటుంది. రెండేళ్ల చదువు, ఒక ఏడాది ఆసుపత్రి, ఆ తరువాత రిజిస్ట్రేషన్. ఈ మూడూ కలిస్తేనే ఆ ఉద్యోగానికి అర్హత. మధ్యలో ఏడాది వదిలేసిన అమ్మాయి చేతిలో మెమో ఉంటుంది, అర్హత ఉండదు. చేరేటప్పుడే ఈ సంగతి తెలిస్తే, ఆ మూడో ఏడాదికి కూడా ఇంట్లో ఖర్చు లెక్క వేసుకుంటారు. పెళ్లి సంబంధాలు ఒక ఏడాది ఆగి చూస్తారు. తెలియకపోతే, నోటిఫికేషన్ వచ్చిన రోజున తెలుస్తుంది. దరఖాస్తుకు గడువు పది పదిహేను రోజులు ఉంటుంది. ఏడాది శిక్షణ ఆ గడువులో పూర్తికాదు కదా. అందుకే మళ్లీ చెబుతున్నాను. కోర్సు బ్రోచర్ కన్నా ముందు పాత నోటిఫికేషన్ చదవండి. సచివాలయంలో అడిగితే చూపిస్తారు. ఊళ్లో పనిచేసే ఏఎన్‌ఎమ్మే ఉంటుంది. ఆమెను అడగండి. ఏ కాగితాలు అడిగారో, ఏవి లేక ఎవరు వెనక్కి వచ్చారో ఆమెకు బాగా తెలుసు.

ఇంటర్ అయ్యాక చేరే దారులు కూడా ఉన్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పద్ధతిలో రెండేళ్ల ఏఎన్‌ఎం ఉంది. దానికి ఇంటర్ పాసై ఉండాలి. ఆడపిల్లలకు మాత్రమే. జీఎన్‌ఎం మూడేళ్లు. దానికి ఇంటర్ ఏ గ్రూపు అయినా పర్వాలేదు కానీ 40 శాతం మార్కులు ఉండాలి, ఇంగ్లీషు చదివి ఉండాలి. మగపిల్లలు కూడా చేరవచ్చు. ఈ రెండింటికీ వయసు 17 నుంచి 35 లోపు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి 45 శాతం తెచ్చుకోవాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు మార్కుల్లో కొంత సడలింపు ఉంటుంది. ఇవి గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఒక్కటి గుర్తుంచుకోండి. పదో తరగతి అయిన వెంటనే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నారన్న దాని మీదే ఆ తరువాతి ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్ మీద ఆశ ఉంటే బైపీసీ తీసుకోవాలి. పక్క ఊరి కాలేజీలో సీఈసీ దొరికింది కదా అని చేరితే ఆ తలుపు మూసుకుపోతుంది. జీఎన్‌ఎం తలుపు తెరిచే ఉంటుంది. ఏ తలుపు కావాలో ముందే తేల్చుకోవాలి.

మూడో ప్రశ్న ఉందే, చేతి పని ఏ వార్డులో నేర్పుతారు అన్నది, దాన్ని చాలా మంది అడగనే అడగరు. నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. గుంటూరు చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరు గుంటూరు వచ్చారు. 1898లో ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. ఈనాటికీ ఊళ్లో దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. అక్కడ మన ఆడపిల్లలు నర్సు పని నేర్చుకున్నది ఆ వార్డుల్లోనే, ఆ రోగుల మధ్యనే. ఆసుపత్రి ముందు, బడి దాని వెంట. ఇవాళ కూడా నర్సింగ్ కౌన్సిల్ జీఎన్‌ఎం, బీఎస్సీ కాలేజీలకు నూరు పడకల సొంత ఆసుపత్రి ఉండాలంటోంది. కారణం తేలికగా అర్థమవుతుంది. పక్క మీద రోగిని తిప్పడం బొమ్మ మీద ఎంత నేర్చుకున్నా, నొప్పితో మూలిగే మనిషిని తిప్పడం వేరు. కాలేజీ వాళ్లు ఒక ఆసుపత్రి పేరు చెబుతారు. అక్కడికి వెళ్లండి. "మీ దగ్గర ఫలానా సంస్థ పిల్లలు శిక్షణకు వస్తున్నారా? వారానికి ఎన్ని రోజులు? వాళ్లను ఎవరు చూసుకుంటారు?" అని నర్సింగ్ సూపరింటెండెంట్‌నో, వార్డు సిస్టర్‌నో అడగండి. ఆమెకు ఆ పేరే తెలియకపోతే మీకు జవాబు దొరికినట్టే.

బయటి దేశాల్లో ఎలా ఉందో కూడా చూడండి. అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోమ్‌లలో సహాయకుల శిక్షణ కోసం 1987లో చట్టం చేశారు. కనీసం 75 గంటల శిక్షణ ఉండాలన్నారు. అందులో 16 గంటలు ఎవరో ఒకరు పక్కనుండి చూస్తుండగా చేతితో చేసి చూపించాలన్నారు. పరీక్ష పాసైనవాళ్ల పేరు రాష్ట్ర రిజిస్టర్‌లో ఎక్కుతుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ రిజిస్టర్ చూసే తీసుకోవాలి. 75 గంటలు చాలా తక్కువని అక్కడే వాదించేవాళ్లున్నారు. నిజమే, తక్కువే. కానీ ఆ చట్టంలో మనం తీసుకోవాల్సింది గంటల లెక్క కన్నా ఆ రిజిస్టర్. ఎవరు శిక్షణ పొందారో, ఎవరు పొందలేదో అందరికీ తెలిసే ఏర్పాటు అది. మన దగ్గర నర్సుకు అలాంటి రిజిస్టర్ ఉంది. సహాయకుల విషయంలో ఆ కట్టుబాటు ఇంకా గట్టిపడలేదు. గట్టిపడేదాకా ఆ పరిశీలన తల్లిదండ్రులే చేసుకోవాలి.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. "అంత విచారణ దేనికండీ? తెలిసినవాళ్ల నర్సింగ్ హోమ్‌లో చేరిస్తే ఆరు నెలల్లో పని అంతా వస్తుంది. సర్టిఫికెట్ ఎవరూ అడగరు" అంటారు. ఇందులో నిజం ఉంది. చిన్న ఆసుపత్రులు చాలా చోట్ల అలాగే తీసుకుంటాయి. చురుకైన అమ్మాయి అక్కడ చాలా నేర్చుకుంటుంది కూడా. కానీ చేతులు నేర్చుకుంటాయి, కారణం నేర్చుకోవు. వాడిన సూదిని తెల్ల డబ్బాలో ఎందుకు వేయాలో, రక్తం అంటిన దూదిని పసుపు సంచిలో ఎందుకు వేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి రావచ్చని ఆమెకు తెలియదు. ఇంకోటి. ఆ ఆసుపత్రిలో పదేళ్లు చేసినా, బయటికి వస్తే ఆ పదేళ్లు ఏ కాగితం మీదా ఉండవు. పెళ్లయి ఒంగోలు వెళితే మళ్లీ మొదటి జీతం దగ్గర మొదలుపెట్టాలి. ఇంజక్షన్ ఆమె చేతే వేయిస్తారు. ఏదైనా జరిగితే తప్పు ఆమె మీదికే వస్తుంది. ఇప్పటికే అలా పనిచేస్తున్నవాళ్లను ఆ పని మానేయమని చెప్పడం లేదు. పని చేస్తూనే జీడీఏ పరీక్షకు కూర్చోండి. పని అనుభవాన్ని చూసి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఆ నైపుణ్య విధానంలోనే ఉంది.

ఇంకో అభ్యంతరం పేదరికం నుంచి వస్తుంది. దాన్ని తేలికగా తీసిపారేయకూడదు. "మూడేళ్లు, నాలుగేళ్లు చదివించే స్తోమత మాకెక్కడిది? వచ్చే నెల నుంచి రూపాయి రావాలి" అంటారు కౌలు రైతులు, కూలీలు. వాళ్లకు చిన్న కోర్సే సరైనది కావచ్చు. అప్పు చేసి పెద్ద కోర్సులో వేయమని ఎవరికీ సలహా ఇవ్వను. కాకపోతే చిన్న కోర్సుకు కూడా లక్ష రూపాయలు అడుగుతున్నారంటే ఆగి ఆలోచించండి. ఎందుకంటే అదే శిక్షణ ఉచితంగా దొరికే దారి ఉంది. 2014లో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో సీడాప్ అనే సంస్థ దాన్ని నడుపుతుంది. పల్లెటూళ్ల పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు ఆ శిక్షణ. ఆడవాళ్లకు 45 దాకా సడలింపు ఉంది. ఫీజు లేదు. హాస్టల్‌తో నడిచే బ్యాచ్‌లలో భోజనం, వసతి కూడా వాళ్లవే. శిక్షణ పొందినవాళ్లలో కనీసం నూటికి 70 మందికి ఉద్యోగం చూపించాలని సంస్థలకు షరతు ఉంది. అన్ని రోజులూ అన్ని కోర్సులూ ఉండవు. బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో మండలంలో డ్వాక్రా సంఘాలు చూసే వెలుగు కార్యాలయంలో అడగాలి. ఒకసారి లేదంటే రెండు నెలల తరువాత మళ్లీ అడగాలి.

అడిగేటప్పుడు మన పంట కాలాన్ని కూడా చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ చాలా మంది మధ్యలో మానేసేది దీని వల్లే. అక్టోబరు చివర నుంచి పత్తి తీతలు మొదలవుతాయి. జనవరి వచ్చేసరికి మిరపకాయ కోతలు. మార్చి, ఏప్రిల్ దాకా కల్లాల్లో ఎండబెట్టడం, తొడిమలు తీయడం, మిర్చి యార్డుకు తోలడం ఉంటాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఒక జత చేతులు తగ్గితే ఎంత కష్టమో మీకు తెలుసు. తల్లి ఫోన్ చేసి "పది రోజులు రామ్మా" అంటుంది. అమ్మాయి వస్తుంది. హాజరు పోతుంది. పరీక్షకు కూర్చోనివ్వరు. మూడు నాలుగు నెలల కోర్సు అయితే జూన్, జూలైలో చేరితే కోతల ముందే ముగుస్తుంది. ఏళ్ల తరబడి చదివే కోర్సు అయితే కోతలకు పిలవకూడదని ఇంట్లో ముందే మాట అనుకోవాలి. ఆ మాట నిలబెట్టుకోవడం తండ్రి చేతిలో ఎక్కువ ఉంటుంది.

"ఆయా పనికి చదువెందుకు, మలమూత్రాలు ఎత్తే పనికి మా పిల్లను పంపాలా" అనే మాట కూడా వింటుంటాం. మంచాన పడ్డ మనిషికి ఆ సేవ చేయడంలో తక్కువతనం ఏముంది? రేపు మనం మంచాన పడితే ఆ పని ఎవరో ఒకరు మనకు చేయాలి. శుభ్రంగా, నొప్పి తెలియకుండా, మర్యాద పోకుండా చేసేవాళ్లు కావాలనే కోరుకుంటాం. ఆ నైపుణ్యానికి శిక్షణ కావాలి, జీతం కావాలి, గౌరవం కావాలి. ఇది ఆడపిల్లల పనే అన్న మాట కూడా సరికాదు. మగ రోగికి స్నానం చేయించడానికి, బరువైన మనిషిని స్ట్రెచర్ ఎక్కించడానికి మగపిల్లలు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మేల్ నర్సింగ్ ఆర్డర్లీ, ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ అని రెండు పోస్టులూ ఉన్నాయి. వాటి నోటిఫికేషన్లలో పదో తరగతితో పాటు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ అడగడం కనపడుతుంది. ఆ సర్టిఫికెట్ కొద్ది రోజుల శిక్షణతో వస్తుంది. అది లేక దరఖాస్తు పెట్టలేకపోయే కుర్రాళ్లు ఎంత మందో! రాత్రి డ్యూటీల గురించి తల్లిదండ్రులకు ఉండే భయం మాత్రం న్యాయమైనదే. హాస్టల్ ఆసుపత్రికి ఎంత దూరం, రాత్రి డ్యూటీ దిగినవాళ్లను ఎలా చేరుస్తారు, గదిలో ఎంత మంది ఉంటారు అని నేరుగా అడగండి. మొహమాటపడకండి.

ఇప్పుడు చేరడానికి కావాల్సిన కాగితాల సంగతి చెప్పి ముగిస్తాను. అన్నిటికీ మూలం పదో తరగతి మెమో. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినవాళ్లు సప్లిమెంటరీ రాయండి. చదువు మానేసి ఏళ్లయినవాళ్లకు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా, అంటే ఓపెన్ స్కూల్లో, పది పూర్తి చేసే దారి ఉంది. పది పాస్ కాకుండా "మేం చూసుకుంటాం, చేరిపోండి" అనేవాళ్లను నమ్మకండి. తరువాత మెమో మీద పేరు, ఆధార్ మీద పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ ఒక్కోసారి తేడా వస్తుంది. ఆ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. చేరే రోజున సరిచేయించడం కుదరదు. టీసీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సచివాలయం నుంచో మీసేవ నుంచో ముందే తీసుకోండి. అసలు మెమో ఏ సంస్థకైనా ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. కోర్సు మధ్యలో మానేస్తే ఎంత ఫీజు తిరిగిస్తారో, మెమో ఎన్ని రోజుల్లో ఇస్తారో ఆ రోజే రాయించుకోండి. చివరిది డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. దానికి వెళ్లిన రోజునే హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించండి. రెండోది నెల తరువాత, మూడోది మొదటి డోసు వేసిన ఆరు నెలలకు. వార్డులోకి అడుగుపెట్టే లోపు కనీసం రెండు డోసులు పడి ఉండాలంటే ఫలితాలు వచ్చిన నెలలోనే మొదలుపెట్టాలి.